తెల్లబడ్డ పూసలు

వకుళ ఆ పూసల్ని మొదటిసారి మేడిపాలెం కాలనీకి తీసుకెళ్ళిన రోజున అక్కడి ఆడవాళ్ళు వాటిని సగ్గుబియ్యం అనుకున్నారు. ఒకామె గుప్పెడు తీసుకుని వాసన చూసి, "పాయసానికి పనికొస్తయ్యా మేడం?" అని అడిగింది. అందరూ నవ్వారు. వకుళ కూడా నవ్వింది. యూనివర్సిటీ లాబొరేటరీలో తొమ్మిదేళ్ళు కూర్చుని తను చేసిన పని మొత్తం ఆ గుప్పెట్లో ఉందని ఆమెకి ముచ్చటేసింది.

మేడిపాలెం పక్కన ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే బట్టీలు ఉండేవి. అవి మూతపడి పన్నెండేళ్ళయింది. గోడలు కూలి, తుమ్మలు మొలిచాయి. కానీ అన్నేళ్ళపాటు నేలమీద పారబోసిన బ్యాటరీ ఆసిడ్ సీసాన్ని వెంటేసుకుని లోపలికి దిగి, కాలనీ బోరులోకి చేరింది. నీళ్ళు చూడడానికి తేటగానే ఉండేవి. పిల్లలే తేడాగా ఉండేవాళ్ళు. నడక ఆలస్యం, మాట ఆలస్యం. బళ్ళో వేస్తే నిన్న చెప్పిన అక్షరం ఇవాళ ఉండేది కాదు. నలభై రెండు ఇళ్ళకీ ఉన్నది ఆ ఒక్క బోరే.

"ఇవి ఏం చేస్తాయంటే," అని మొదలుపెట్టి వకుళ ఆగిపోయింది. నోటిదాకా వచ్చిన మాటలన్నీ క్లాసురూము మాటలే. బోరు దగ్గర తడిమట్టి కనిపించింది. ముందు వరసలో మూడేళ్ళ పిల్ల ఒకతె తల్లి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. వకుళ ఆ పిల్లని ఎత్తి మట్టిలో ఒక అడుగు వేయించి పక్కకి దించింది.

"ఈ అడుగులో మీలో ఎవరి కాలైనా పడుతుందేమో పెట్టి చూడండి."

ఎవరి కాలూ పట్టలేదు. పిల్ల కాలు మళ్ళీ పెడితే అచ్చంగా కూర్చుంది.

"పూసని తయారుచేసేటప్పుడు దాని ఒంటినిండా సీసం చేత ఇలాగే అడుగులు వేయించాం. తర్వాత సీసాన్ని తీసేశాం. అడుగులు మిగిలాయి. మీ నీళ్ళలో సున్నం ఉంది, ఇనుము ఉంది, ఉప్పు ఉంది. వాటి కాళ్ళు ఇందులో పట్టవు. సీసం వస్తే మాత్రం కూర్చుంటుంది. కూర్చుంటే ఇక లేవదు."

"లేవకపోతే నిండిపోవా?" అని అడిగింది పిల్ల తల్లి.

ఆమె పేరు సలోమి. ఏడో తరగతి దాకా చదివింది. ఆమె భర్త ఏసుపాదం కుర్రతనంలో ఆ బట్టీల్లోనే పనిచేశాడు. ఇప్పుడు టీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణుకుతాయి.

"నిండుతాయి. నిండేకొద్దీ నల్లబడతాయి. బాగా నల్లబడ్డాక మాకు తిరిగి ఇచ్చెయ్యండి, కొత్తవి ఇస్తాం," అంది వకుళ. అడగవలసిన ప్రశ్న అడిగిన ఆ మనిషికే కాలనీ పూసల బాధ్యత అప్పగించి వచ్చింది.

పద్ధతి తేలిక. రెండు బిందెలు ఒకదాని మీద ఒకటి. పై బిందె అడుగున చిల్లుల గిన్నెలో పూసలు. బోరు నీళ్ళు పైన పోస్తే కింద మంచినీళ్ళు దిగుతాయి. పూసలు నల్లబడడానికి నాలుగు నెలలు పట్టేది. సలోమి ఇల్లిల్లూ తిరిగి వాటిని డబ్బాలకెత్తి జీపుకి అందించి, కొత్తవి పంచేది. ప్రతి బుధవారం అన్ని ఇళ్ళ నీళ్ళలోనూ పరీక్ష పుల్ల ముంచి చూసేది. సీసం ఉంటే పుల్ల ఎర్రబడుతుంది. చూసింది చూసినట్టు నోటుబుక్కులో రాసేది. ఆ నోటుబుక్కు వకుళ తన పరిశోధక విద్యార్థులకి చూపించి, రాస్తే ఇలా రాయాలని చెప్పేది.

మొదటి ఏడాది చివర రక్తపరీక్షలు చేయిస్తే పిల్లల ఒంట్లో సీసం సగానికి సగం తగ్గింది. ఆ నెల్లోనే సలోమి ఫోన్ చేసి, తను ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీసుకెళ్ళి కూతురు కెజియా నోటి దగ్గర పెట్టింది. నాలుగేళ్ళ దాకా నోరు విప్పని పిల్ల, "మేడం, కోడి," అంది. "మేడం, కోడి. మేడం, కోడి." వకుళ సెమినార్ హాలు బయట వరండాలో నిలబడి ఆ మాట ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు విన్నది. ఇంటికెళ్ళి ఆ మాటని కెజియా అన్నట్టే భర్తకి అని చూపించింది. ఆయన మాధవరావు, హైస్కూల్లో లెక్కల మాస్టారు. మామూలుగా ఆమె పని గురించి పెద్దగా మాట్లాడడు. "నువ్వు రాసిన పేపర్లన్నీ ఒకెత్తు, ఆ కోడి ఒకెత్తు," అన్నాడు.

రెండో ఏడాది వేసవిలో, లాబొరేటరీలో పూసలు తయారుచేసే పెద్ద గాజు పాత్ర, రియాక్టర్, పగిలింది. కొత్తది రావడానికి మూడు నెలలు పడుతుందన్నారు. అప్పటికి మేడిపాలెంలో పూసలు నల్లబడే రోజులు దగ్గరపడ్డాయి. పిల్లలకి మాత్రం పూసల నీళ్ళు పట్టి పెద్దవాళ్ళని ఎలాగో సర్దుకోమని, పుల్ల ఎర్రబడితే వెంటనే చెప్పమని వకుళ సలోమికి ఫోన్ చేసి చెప్పింది.

రెండు వారాల తర్వాత సలోమి ఫోన్ చేసింది. వకుళ అప్పుడు విభాగాధిపతి పట్టాభిగారి గదిలో ఉంది. పూసల బిందెల్ని ఇంకో అరవై ఊళ్ళకి ఇవ్వడం గురించి మాట్లాడడానికి అధికారులిద్దరు వచ్చి కూర్చున్నారు.

"మేడం, పూసలు కడిగాం. తెల్లగా వచ్చినయ్. పుల్ల కూడా ఎర్రబడలా. మీరు కంగారు పడతా ఉంటారని చేశా."

"సరే సలోమీ, మంచిది. తర్వాత మాట్లాడతా," అంది వకుళ, ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

తర్వాత మాట్లాడలేదు. అధికారులు వెళ్ళేసరికి సాయంత్రమైంది. మర్నాడు రియాక్టర్ వాళ్ళతో పేచీ వచ్చింది. ఆ ఫోన్ సంగతి మనసులోంచి జారిపోయింది.

మూడు నెలలు గడిచాక కొత్త పూసల డబ్బాలతో జీపు మేడిపాలెం వెళ్ళింది. అక్కడ మార్చవలసిన పూసలే లేవు. అన్ని ఇళ్ళలోనూ తెల్లగా, నిన్న పోసినట్టున్నాయి. వకుళ వాటిని అరచేతిలో పోసుకుని చాలాసేపు చూసింది. ఆమెకి ఒకటే అర్థం తోచింది. బోరులో సీసం తగ్గిపోయింది. నేల తనంతట తాను కోలుకుంటోంది. అనుమానం తీర్చుకోవడానికి బోరు నీళ్ళు పట్టి పరీక్షించింది కూడా. అది వానాకాలం. నీళ్ళు పలచబడి సీసం తక్కువే చూపించింది. కోరుకున్న జవాబు దొరికింది కనక ఆమె రెండోసారి అడగలేదు. నోటుబుక్కు చూస్తే అన్ని బుధవారాలూ శుభ్రంగా ఉన్నాయి. తెచ్చిన డబ్బాలు తిరిగి పట్టుకెళ్ళి అరవై ఊళ్ళ కోసం దాచారు.

మేడిపాలెం నేల కోలుకోవడం గురించి ఆమె ఒక పేపరు రాసింది. దాన్ని చదివిన సభలో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

పూసలు తెల్లబడడం మొదలైన ఎనిమిదో నెలలో కెజియాకి కడుపునొప్పి పట్టుకుంది. నులిపురుగులన్నారు. మందు వేశారు. వాంతులు ఆగలేదు. తర్వాత వారం పిల్ల అరుగు మీద ఆడుకుంటూ ఆడుకుంటూ బిగుసుకుపోయి పడింది. కళ్ళు పైకి తేలిపోయాయి. టౌన్లో పెద్దాసుపత్రికి మోసుకెళ్ళారు. పక్క మంచం మీద అదే కాలనీ పిల్లవాడు, దీనమ్మ కొడుకు సామ్యేలు, అదే తీరుగా ఉన్నాడు. వాడికి రెండేళ్ళు. మూడో రోజుకి ఇంకో ఇద్దరు వచ్చారు.

వకుళ వెళ్ళేసరికి డాక్టరు రక్తపరీక్ష కాగితం ఆమె చేతిలో పెట్టాడు. "మీరు సీసం మీదే కదా పనిచేసేది. బట్టీలు మండుతున్న రోజుల్లో కూడా ఆ ఊరి పిల్లల్లో ఇంత చూడలేదు," అన్నాడు.

ఆమె అంకెని రెండుసార్లు చదివింది. దశాంశ బిందువు పక్కకి జరిగిందేమో అనుకుంది. జరగలేదు.

ఐదు రోజులు వకుళ, ఆమె విద్యార్థులు ఆ కాలనీని జల్లెడ పట్టారు. బోరు నీళ్ళు, బట్టీల దుమ్ము, గోడల సున్నం, కొట్లో అమ్మే పసుపు, కారం, అల్యూమినియం గిన్నెలు, పిల్లల బొమ్మల రంగులు. బోరులో సీసం ఎప్పటిలాగే ఉంది, తగ్గలేదు. అది తెలిశాక తన పేపరు తప్పని అర్థమైంది. కానీ పిల్లల ఒంట్లో కనిపించినంత సీసం దేనిలోనూ లేదు. పూసల బిందెలోంచి దిగిన నీళ్ళని బుధవారం పట్టి చూస్తే పుల్ల తెల్లగానే ఉంది. గురువారం తెల్లవారగానే సామ్యేలు పోయాడు.

శనివారం పొద్దున సలోమి బట్టలు మార్చుకోవడానికి ఇంటికి వచ్చింది. ఏసుపాదం పిల్ల దగ్గర ఉన్నాడు. వకుళే ఆమెని జీపులో దింపింది. ఇల్లు వారం రోజులుగా తీసి లేదు. సలోమి లోపలికి వెళ్ళి రెండు నిమిషాలు గోడకి ఆనుకుని నిలబడి, తర్వాత ఏం చెయ్యాలో తోచనట్టు గిన్నెలన్నీ బయటికి తెచ్చి తోమడానికి కూర్చుంది.

"ఇప్పుడెందుకు సలోమీ?"

"శనివారం కదా మేడం. ఆదివారానికి అన్నీ తోముకోవాల." ఆమె పై బిందెలోంచి పూసల గిన్నె కూడా తీసి పళ్ళెంలో గుమ్మరించింది. పూసలు లేత బూడిద రంగులో ఉన్నాయి. వంటింట్లోంచి చిన్న చిప్పలో ఏదో తెచ్చి వాటిమీద వేసి రెండు చేతులతో పిసకడం మొదలుపెట్టింది.

"అదేంటి?"

"చింతపండు పిప్పి. పులుసు పిండుకోంగా మిగిలింది ఎండబెట్టి దాస్తా. అప్పుడు ఫోన్లో చెప్పాగా, కడిగామని. ముందు బూడిదేసి చూశా, రాలా. సబ్బు నీళ్ళు పోశా, రాలా. ఇత్తడి చెంబు తోముతా తోముతా, దీంతో ఎందుకు రాదు అని చూశా. చూడండి, ఎట్టా వస్తయ్యో."

పూసలు తెల్లబడుతున్నాయి. వకుళ చూస్తుండగానే, ఐదు నిమిషాల్లో, బూడిద రంగు పోయి సగ్గుబియ్యంలా అయ్యాయి. లాబొరేటరీలో ఆ పని చెయ్యడానికి ప్రత్యేకమైన ద్రావణంలో పన్నెండు గంటలు నానబెట్టాలి.

వకుళ సంచీలోంచి పరీక్ష పుల్ల తీసి పళ్ళెంలోని నీళ్ళకి తాకించింది. ముంచవలసిన అవసరం లేకపోయింది. గోరింటాకు పండినట్టు పుల్ల పైదాకా ఎర్రబడింది. పన్నెండేళ్ళుగా ఆ పుల్లలు వాడుతున్నా అంత ఎరుపు ఆమె ఎప్పుడూ చూడలేదు.

సలోమి పూసల్ని రెండుసార్లు నీళ్ళతో జాడించి, బిందెలో అమర్చి, పైన నీళ్ళు పోసింది. కింద బిందెలోకి ధార దిగింది. వకుళ ఇంకో పుల్ల తీసి ఆ ధార కింద పట్టింది. అది కూడా ఎర్రబడింది.

"ఈ మొదటి బిందె నీళ్ళు ఏం చేస్తారు?" అని అడిగింది వకుళ.

"తాగుతాం. పూసలు తోమిన రోజు నీళ్ళంటే పిల్లలకి ప్రాణం మేడం. తియ్యగా ఉంటయ్. ఆదివారం ప్రార్థనకి పోబోయే ముందు నాకంటే నాకని కొట్టుకుంటారు. అందరిళ్ళలోనూ అంతే." సలోమి చేతులు కొంగుకి తుడుచుకుంది. "అందరికీ నేనే నేర్పా."

సీసం కలిసిన నీళ్ళు తియ్యగా ఉంటాయి. ప్రతి ఏడాదీ మొదటి క్లాసులో వకుళ ఆ మాట చెప్పేది. విద్యార్థులు ఆశ్చర్యపోయేవాళ్ళు.

వారం పొడుగునా పూసలు పట్టిన సీసమంతా శనివారం చింతపండు పులుపుకి అడుగుల్లోంచి లేచిపోయేది. పూసల సందుల్లో మిగిలిన పులుపు మొదటి రెండు మూడు బిందెల్లోకి దాన్ని దించేది. పులుపు పోయాక, సోమవారం నుంచి పూసలు మళ్ళీ చక్కగా పనిచేసేవి. బుధవారం పుల్ల తెల్లగా వచ్చేది.

"ఈ నీళ్ళు పారబోసెయ్యి," అంది వకుళ. "ఈ పూసలు నేను తీసుకెళ్తాను."

"ఏమైంది మేడం?"

"పూసల్లోనే ఏదో తేడా ఉన్నట్టుంది."

సలోమి ఆమె చేతిలోని పుల్ల వైపు చూసింది.

ఆ మధ్యాహ్నం వకుళ లాబొరేటరీలో పాత నోటుబుక్కులు తీసింది. పూస సీసాన్ని ఎక్కడైనా విడుస్తుందేమోనని వాళ్ళు పరీక్షించిన పదార్థాల జాబితా రెండు పేజీలు ఉంది. ఉప్పు నీళ్ళు, వేడి నీళ్ళు, సబ్బు, బ్లీచింగ్, నిమ్మరసం, వెనిగర్. వాటిలో దేనికీ పూస సీసాన్ని విడవలేదు. వెనిగర్ మీద నాలుగు ప్రయోగాలు చేశారు, విదేశాల పద్ధతుల్లో అది ఉంది కనక. మేడిపాలెంలో ఏ ఇంట్లోనూ వెనిగర్ లేదు. చింతపండు లేని ఇల్లు లేదు. ఆమె వంటింట్లోనూ జాడీనిండా ఉంది. జాబితాలో లేదు.

పట్టాభిగారు ఆమె చెప్పింది మొత్తం విని, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. వకుళకి మొదటి నుంచీ అండగా ఉన్న మనిషే.

"ఇది మన పూసల తప్పు కాదమ్మా. నల్లబడితే తిరిగి ఇమ్మన్నాం. కడగమని చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు రాద్దాం. సూచనలకి విరుద్ధంగా వాడారు. ఆ సలోమి అనే ఆమె అందరికీ నేర్పింది."

"ఆమె నాకు ఫోన్లో చెప్పింది సార్. నేను ఈ గదిలోనే ఉన్నాను. సరే, మంచిది అన్నాను."

"చింతపండని చెప్పిందా?"

"నేను అడగలేదు."

"అయితే చెప్పనట్టే." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "అరవై ఊళ్ళు ఉన్నాయి వకుళా. అక్కడ పిల్లలు కూడా ఇలాంటి సీసం నీళ్ళే తాగుతున్నారు. పూసలే చెడ్డవంటే ఇక ఎవరూ ముట్టుకోరు."

ఆదివారమంతా వకుళ ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగింది. మాధవరావు అన్నం పెట్టి పిలిస్తే వచ్చి కూర్చుంది, ముద్ద కలపలేదు. "సలోమి పేరు చెబితే, బిడ్డని పోగొట్టుకున్న ఆ తల్లి పక్క ఇంట్లో ఆవిడ ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఆయన చారు గిన్నె ఆమె ముందు నుంచి తీసి పక్కన పెట్టాడు.

సోమవారం కాలనీ అంతా చర్చి ముందు పాకలో కూర్చుంది. వకుళ లేచి, పూసలు తయారీలోనే చెడిపోయాయనీ, తప్పు తనదేననీ, అందరూ వాటిని తిరిగి ఇచ్చెయ్యాలనీ చెప్పింది. చింతపండు మాట ఎత్తలేదు. తర్వాత దీనమ్మ లేచి వచ్చి ఆమె మొహాన ఉమ్మింది.

"నీ బిడ్డ అయితే పోసేదానివా ఆ నీళ్ళు?" అంది. "మేమే దొరికామా నీ చదువుకి?"

మగవాళ్ళు లేచారు. సలోమి వాళ్ళకి అడ్డం వచ్చి, వకుళ మొహం తన కొంగుతో తుడిచింది. "మేడం కావాలని చేసిందా? మన పిల్లల కోసం ఎండనక వాననక తిరిగిన మనిషి. పోనియ్యండి," అంది. వకుళ తల దించుకుని ఆ కొంగు కింద నిలబడింది. అప్పుడే చెప్పెయ్యాలనిపించింది. చెప్పకుండానే జీపు వైపు నడిచింది.

జీపు దాకా సలోమి వెంట వచ్చింది. తుమ్మల నీడకి వచ్చాక ఆగింది.

"ఆ పొద్దు నేను తోముతా ఉంటే మీరు పుల్ల పెట్టారు. ఎర్రబడింది. నేను చూశా."

వకుళ కూడా ఆగి వెనక్కి తిరిగింది.

"మీరు పోయినాక పక్కింటి పూసలు తెచ్చా. రెండు గిన్నెల్లో పోశా. ఒకదాంట్లో చింతపండు వేశా, ఒకదాంట్లో వెయ్యలా. వేసిందాంట్లో ఎర్రబడింది. వెయ్యందాంట్లో పుల్ల తెల్లగానే ఉంది. మీరు నేర్పిందేగా, దేన్నయినా రెండు గిన్నెలు పెట్టి చూడమని." ఆమె మొహంలో ఏడుపు లేదు. "పూసలు చెడిపోలా. నేనే గదా?"

"నువ్వు నాకు చెప్పావు సలోమీ. కడిగామని ఫోన్లో చెప్పావు. దేంతో అని నేను అడగలేదు. ఒక్క మాట అడిగి ఉంటే..."

"నేనూ చెప్పలా, మీరూ అడగలా." సలోమి అది నిందలా అనలేదు. "ఇంకా అరవై ఊళ్ళకి ఇస్తారంట గదా. వాళ్ళిళ్ళల్లో చింతపండు ఉండదా?"

"ఉంటుంది."

"మరి చెప్పకపోతే ఎట్టా?"

ఆమె దీనమ్మ ఇంటి వైపు నడిచింది. వకుళ పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకుంది. "ఇవాళ వద్దు. ఆమెకి నా మీద కోపం ఉంది. ఉండనీ. ఆ కోపం పట్టుకుని నాలుగు రోజులు నిలబడుతుంది," అంది. సలోమి చెయ్యి విడిపించుకుంది. "రేపు ఇంకెవరో వచ్చి చెబితే, సలోమికి తెలిసి కూడా చెప్పలేదనుకోదా దీనక్క?"

దీనమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పక్కన పిల్లవాడి ఉయ్యాల గుడ్డ మడతపెట్టి ఉంది. సలోమి ఆమె ఎదురుగా నేలమీద చతికిలబడి, చింతపండు సంగతి, రెండు గిన్నెల సంగతి, తియ్యటి నీళ్ళ సంగతి అన్నీ చెప్పింది. ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించలేదు. వకుళ వాకిట్లో నిలబడి, దీనమ్మ చెయ్యెత్తి కొడుతుందని చూసింది. కొడితే బాగుండుననుకుంది.

దీనమ్మ కొట్టలేదు. తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటివైపు చూసుకుంది.

"నేను రెండుసార్లు తోమేదాన్ని," అంది. "నీ పూసల కంటే తెల్లగా రావాలని. రెండుసార్లు పట్టించి రుద్దేదాన్ని. మొదటి గ్లాసు వాడికే పట్టేదాన్ని. తియ్యగా ఉందిరా నాయనా, తాగు తాగు అని."

ఆమె ఉయ్యాల గుడ్డని ఒళ్ళోకి లాక్కుంది.

"చెప్పకుండా ఉంటే బాగుండేది సలోమీ," అంది దీనమ్మ.

సాయంత్రానికి నలభై రెండు ఇళ్ళకీ తెలిసింది. గొడవ జరుగుతుందని వకుళ భయపడింది. ఏమీ జరగలేదు. సలోమిని ఎవరూ ఒక్క మాట అనలేదు. ప్రతి ఇంట్లోనూ పూసలు తోమిన చేతులున్నాయి. మొదటి గ్లాసు పట్టిన తల్లి ఉంది. ఉదయం దాకా వాళ్ళందరికీ తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేది. ఇప్పుడు ఆ మనిషి కూడా లేకుండా పోయింది. పొయ్యి వెలిగించిన ఇళ్ళు తక్కువ.

రిపోర్టు పట్టాభిగారు రాసినట్టే వెళ్ళింది. ఫోన్ సంగతి ఒప్పుకుంటూ వకుళ జతపరిచిన కాగితం, విషయానికి సంబంధం లేదని తిరిగి వచ్చింది. అరవై ఊళ్ళ పథకాన్ని పక్కన పెట్టారు. ఆమె రాజీనామా ఇస్తే పట్టాభిగారు సొరుగులో పెట్టుకుని, "ఈ పని మానేస్తే పాపం పోతుందా అమ్మా," అని అడిగాడు. ఆమె మానలేదు. ఆరు వారాలు కూర్చుని చింతపండుకి కూడా లొంగని పూసల్ని తయారుచేసింది. పెద్ద కష్టం కాలేదు. అడుగు ఆకారం రవంత మార్చాల్సి వచ్చింది. ముందే తెలిసి ఉంటే ముందే చేసి ఉండేవాళ్ళు.

కొత్త పూసల డబ్బాతో ఆమె మేడిపాలెం వెళ్ళేసరికి కెజియాని ఆసుపత్రి నుంచి తెచ్చి నెలవుతోంది. పిల్ల అరుగు మీద గోడకి చేరగిలబడి కూర్చుని ఉంది. మెడ నిలబడడం లేదు. వకుళ దగ్గరికి వెళ్ళి పలకరిస్తే ఆమె వైపు కాకుండా ఆమె భుజం పక్కగా చూసింది.

సలోమి డబ్బా మూత తీసి పూసల్ని చూసింది. చెయ్యి పెట్టలేదు.

"చింతపండు వేసి రోజంతా నానబెట్టి చూశాను," అంది వకుళ. "విడవలేదు. ఒట్టు."

"గోంగూర?"

"చూశాను."

"మామిడికాయ? చింతచిగురు? గంజి పులిస్తే? పిల్లలు ఏదన్నా అందులో పోస్తే?"

వకుళ వాటిలో మూడింటికి చూశానని చెప్పగలిగింది. తర్వాత ఆగింది. "అన్నీ చూడలేదు," అంది. "ఎన్ని చూసినా అన్నీ చూసినట్టు కాదు సలోమీ."

సలోమి తలాడించింది. ఆ జవాబు ఆమె ముందే అనుకున్నట్టుంది. మూత మళ్ళీ పెట్టేసింది.

"పూసలు మంచియ్యే మేడం. నాకు తెలుసు. మీ మీద కూడా నాకు కోపం లేదు. కానీ ఇంక ఇక్కడ ఎవరూ ముట్టుకోరు. నేను ఇల్లిల్లూ తిరిగి అడిగా. దీనక్కనీ అడిగా. ఏదన్నా తేడా వస్తే మళ్ళీ మా చేతులతోనే గదా పట్టేది, మాకొద్దు అన్నారు. బోరు నీళ్ళు ఏం చేస్తయ్యో మాకు తెలుసు."

"అవి కూడా చంపుతాయి."

"చంపుతయ్," అంది సలోమి.

బోరుకి కరెంటు వచ్చింది. మోటారు మోత వినగానే ఇళ్ళలోంచి ఆడవాళ్ళు బిందెలతో బయటికి వచ్చారు. ఒకరినొకరు పలకరించుకోలేదు. దీనమ్మ ముందు ఉంది. సలోమి వెళ్ళి ఆమె వెనక నిలబడింది. వంతు వచ్చాక బిందె నింపుకుని, చంకనెత్తుకుని తిరిగి వచ్చి, అరుగు మీద దించింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. వకుళ డబ్బా పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

కెజియా నోరు తెరిచింది. పిల్లకి దాహం వేసినప్పుడు చెప్పడానికి ఇప్పుడు అదొక్కటే తెలుసు. సలోమి బిందెలో గ్లాసు ముంచి, పిల్ల మెడ కింద చెయ్యి వేసి లేపి, బొట్టు కారకుండా నెమ్మదిగా పట్టింది.